తలగడ పైన బండ

తడిసిన పలకరాయికి ఒక వాసన ఉంటుంది. తొలకరి మట్టివాసన లాంటిది కాదు. ఇనుము నాకినట్టు, చల్లగా ఉంటుంది. మొన్న హైదరాబాదులో ఒక హోటలు గది తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. పలకల మీద బొమ్మల ప్రదర్శనకు పాత గనిమనిషినని నన్ను పిలిపించి, గదికొక కళాకారుడి పనితనం ఉన్న ఆ హోటల్లో దింపారు. నా గదిలో మంచం తలవైపు గోడకు మా మార్కాపురం పలకరాయి బండ, నిలువెత్తుది, నెమళ్లు చెక్కి బిగించారు. అప్పుడే ఎవరో తడిగుడ్డతో తుడిచి వెళ్లినట్టున్నారు. వేలి మెటికతో కొట్టి చూశాను. నడుమ ఖంగుమంది. పైమూల మొద్దుగా పలికింది. లోపల పొర విడిచిన రాయి అట్లాగే పలుకుతుంది.

ఆ పలుకును నాకు నేర్పినవాడు దస్తగిరి మేస్త్రి. నేను బడికి పోలేదు. విరిగిన పలకల మీద అక్షరాలు దిద్దుకుంటూనే ఇరవయ్యేళ్లకు ఆయన ముఠాలో కూలీనయ్యాను. పొద్దున ఎవరూ గనిలోకి దిగకముందే ఆయన గడ్డపారతో, తలమీదికి వంగిన పైబండను మూరమూరకూ తట్టేవాడు. మేము ఒడ్డున నిలబడి నవ్వుకునేవాళ్లం.

"ఏం మామా, ఏమంటాంది బండ?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"నీకు పెండ్లి చేయమంటాందిరా, అట్లన్నా బుద్ధి వస్తాదని" అనేవాడు, తట్టడం ఆపకుండా.

ఒకరోజు తూర్పు పైబండ మొద్దుగా పలికింది. దాని కింద దిగొద్దన్నాడు. మంచి రాయంతా అక్కడే ఉంది. గని యజమాని "ముసలోనికి పిరికి పట్టుకునింది" అని ఆయన్ను పనిలోంచి తప్పించి మమ్మల్ని దిగమన్నాడు. ముందు దిగింది నేనే. మర్నాటి నుంచి మేస్త్రి కూలి లేకపోయినా వచ్చి ఒడ్డున కూర్చునేవాడు. కళ్లు ఆ బండ మీదే. చివరి మనిషి పైకొచ్చాకే లేచేవాడు.

నెల గడిచినా ఏమీ కాలేదు. ఆయన అట్లా కూర్చుంటే నాకు తలవంపుగా ఉండేది.

"ఇన్నాళ్లు దిగినాం, ఏమన్నా అయినాదా? ఇంటికి పో మామా, నవ్వుతాండారు."

ఆయన నా చొక్కా మీది దుమ్ము దులిపాడు. "కాలేదు గాబట్టే కూసున్నా. పడినాంక కూసుని ఏం చేసేదిరా?"

ఆ బండ పడలేదు. రాయి అయిపోయాక పేల్చి దించారు. అప్పుడు కనిపించింది, లోపల నా చెయ్యి దూరేంత సందు. నెలంతా దాని కిందే కూర్చుని సద్ది తిన్నాం. అయినా ఊరు ఆయన్ను చచ్చేదాకా పిరికి మేస్త్రి అనే పిలిచింది. ఆ పేరు పెట్టిన నోళ్లలో నాదీ ఒకటి.

హోటలు కౌంటరులో అమ్మాయికి బండ సంగతి చెప్పాను. "అది ఆర్ట్ వర్క్ తాతగారూ. ఎంతోమంది పడుకున్నారు, ఏమీ కాలేదు. కావాలంటే వేరే గది ఇస్తాను" అంది.

ఒళ్లు మండింది. ఆ మంటలో సగం నా మీదే. హోటలువాళ్లు నెమలికి ఈకలెన్నో చూసుకున్నారు గాని, ఆ బండ కింద మనిషి తల ఉంటుందని ఒక్కరూ తలచలేదు.

"నేను పోతే ఆ గది ఎవరికమ్మా?"

"సాయంత్రం పాపతో ఒక ఫ్యామిలీ వస్తున్నారు."

"అయితే అది నాదే. బండ దించేదాకా ఖాళీ చేయను" అన్నాను.

గదిలోకి పోయి, కుర్చీ తలుపు దగ్గరకు లాక్కుని బండకు ఎదురుగా కూర్చున్నాను. మూడింటికి ఆ అమ్మాయి పంపిన ఇద్దరు పనివాళ్లు నిచ్చెనతో వచ్చి మేకులు వదులు చేయసాగారు. పక్కకు నిలబడమని చెబుతూనే ఉన్నాను. నిచ్చెన మీదివాడు నవ్వాడు.

"భయమైతుందా తాతా?"

"అవును నాయనా" అన్నాను. "నువ్వు దిగేదాకా ఉంటాది."