హనోయ్ రోడ్డు మీద జగన్నాధం గారు

మా ఆయన జగన్నాధం గారికి చీపురుపల్లిలో ఎరువుల కొట్టు ఉంది. ఆయన్ని రోడ్డు మీద నడిపించడమంత కష్టం ఇంకోటి లేదు. వెనక ఎవరైనా హారన్ కొడితే చాలు, ఆగిపోతారు. మా ఊళ్లో హారన్ అంటే తప్పుకోమని కాదు, పలకరింపు. కొట్టినవాడు మన రైతో, చుట్టమో అయి ఉంటాడు. తిరిగి చూడకపోతే జగన్నాధానికి కళ్లు నెత్తికెక్కాయంటారని ఆయన భయం. ఆగి, వెనక్కి తిరిగి, వాడి వరిచేను సంగతి, కోడలి పురుడు సంగతి కనుక్కుంటే గానీ కదలరు. అందాకా పక్కన నేను ఎండలో మాడాలి. మా కాపురంలో ఒక్క పెళ్లికీ తాళి కట్టే వేళకు చేరిన పాపాన పోలేదు. భోజనాలకు చేరతాం, అదీ ఆఖరి బంతికి.

నిరుడు అమ్మకాలు బాగా చేశారని ఎరువుల కంపెనీ వాళ్లు డీలర్లను భార్యలతో సహా వియత్నాం పంపారు. హనోయ్‌లో నీళ్ల మీద బొమ్మలాట ఆడతారని ఫోన్లో చూశాను. నేను అడిగింది అదొక్కటే. ఆట మొదటి నుంచీ చూడాలి. మొదలైందంటే తలుపులు వేసేస్తారట. టిక్కెట్లు ఆఖరి రోజు సాయంత్రం ఆటకే దొరికాయి, మర్నాడు పొద్దున్నే మా తిరుగు ప్రయాణం.

థియేటర్ మా హోటల్‌కి ఎదురుగానే ఉంది. మధ్యలో రోడ్డు. ఆ రోడ్డు గురించి ఏం చెప్పను? ఎటు చూసినా స్కూటర్లే. పనున్నా లేకపోయినా హారన్ కొడుతూనే ఉంటారు. ఒక్కరి ముఖంలోనూ కోపం ఉండదు, అది చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. మా గైడమ్మాయి వచ్చిన రోజే చెప్పింది, దాటేటప్పుడు ఆగకండి, వెనక్కి తిరగకండి, ఒకే తీరున నడవండి, బళ్లే మిమ్మల్ని తప్పించుకు పోతాయి అని.

ఎవరికి చెప్పింది? నాలుగడుగులు వేశామో లేదో, వెనక హారన్. ఈయన ఆగి తిరిగారు. స్కూటరతను పడబోయి తమాయించుకున్నాడు. ఈయన్ని చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చాను. మళ్లీ దిగాం. మళ్లీ హారన్, మళ్లీ ఆగారు.

"ఇక్కడ మిమ్మల్నెవరు పిలుస్తారండీ? ఈల్లకి మీరు తెలుసేటి?"

"అలవాటయిపోనాదే. కాళ్లు ఆటికవే ఆగిపోతన్నాయి."

మూడోసారీ అదే తంతు. అవతల తలుపు దగ్గర జనం పలచబడుతున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"పోన్లే, ఇంకెప్పుడైనా సూద్దుం," అన్నారు.

ఆ మాట విని విని నా జుట్టు నెరిసింది. చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి దిగాను. అన్ని హారన్ల మధ్యా ఆయన కేక వినబడింది. "పద్మా, ఆగు."

నేను నడిచాను.

లోపల నీళ్లలోంచి కర్రబొమ్మలు లేచాయి. నాట్లు వేశాయి, చేపలు పట్టాయి, బాతుల్ని ఎత్తుకుపోతున్న నక్కను తరిమాయి. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే బాధేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చేతిసంచి అందులో పెట్టుకుని హాయిగా నవ్వుకున్నాను.

ఆట అయ్యాక ఒక్కదాన్నే దాటి వచ్చాను. ఆయన నేను వదిలిన చోటే చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు.

"నీకేటైనా అయితే నేనేటైపోదును? అంత అరిసినా నీకు వినబడలేదేటే?"

"వినబడింది," అన్నాను. "ఆగితే, మీతోపాటు ఈ గట్టునే ఉండిపోదును."