పాత మడత మీదే

మా చిన్నప్పుడు సిరిసిల్లలో మా ఇంటిల్లిపాది బట్టలూ ఒక్క సందుగలో పట్టేవి... బాపువి, అమ్మవి, నావి, తమ్ముడివి. ఆకుపచ్చ రేకు సందుగ. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. పక్క గదిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా చెవులు చిల్లులు పడేలా గుడ్డ నేస్తూనే ఉండేవి. అయినా మా సందుగ ఎప్పుడూ నిండలేదు. నేసిన గుడ్డ మాది కాదు కదా... సేటుది.

ఇప్పుడు జగిత్యాలలో నా రెండు గదుల ఫ్లాటులో అల్మారా తలుపు తీయాలంటే ముందు పక్కకు జరిగి నిలబడాలి. లేకపోతే చీరలు నెత్తిన పడతాయి. పోనీ, అవన్నీ నేను మోజుపడి కొనుక్కున్నవా అంటే కాదు. అన్నీ పెట్టుడు చీరలే! ఒడిబియ్యానికి ఒకరు, గృహప్రవేశానికి ఒకరు, పుట్టువెంట్రుకలకు ఒకరు... పెట్టినవాళ్ళూ కట్టరు, పెట్టించుకున్నవాళ్ళూ కట్టరు. కవరు కూడా విప్పకుండా ఇంకొకరి ఒళ్ళో పెట్టేస్తారు. ఈ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

సరే... నా అసలు కోపం దాని మీద కాదు.

ఆ సందుగ అడుగున, ఒక పాత తెల్ల పంచెలో చుట్టి, అమ్మ చీర ఒకటి ఉండేది. ముదురు ఆకుపచ్చ చీర, ఎర్ర అంచులు. చేమగ్గం అమ్మేసి సాంచెల్లోకి దిగేముందు బాపు ఆఖరుగా నేసింది. ఎర్ర నూలు ఒక అంచుకే సరిపోయిందట. రెండో అంచుకు తెచ్చిన నూలు కాస్త ముదురు తేలింది.

"ఎవలు సూస్తరు తియ్యి" అన్నాడట బాపు.

"నేను సూస్త గద" అన్నదట అమ్మ.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రమే అది కట్టేది. బతుకమ్మ ఆడి, ఇంటికి వచ్చీ రాగానే విప్పేసేది. ఉతికి, లేత గంజి పెట్టి, ఆరాక ఒక కొస నా చేతికిచ్చి నిలబెట్టేది. నాకేమో బయట ఆటలకు పోవాలని ఆత్రం... ఎలా పడితే అలా మడిచేదాన్ని. చేతి మీద ఒక్కటి పడేది.

"పాత మడత మీదనే పట్టు బిడ్డా. మడత మారిందంటే బట్ట పాతవడ్తది."

అమ్మ పోయాక ఆ చీర నాకు వచ్చింది. కట్టుకోవడానికి మనసొప్పలేదు. ఏటా బతుకమ్మకు ముందు బయటికి తీసి, నీడన ఆరేసి, మళ్ళీ పాత మడత మీదే మడిచి, అదే పంచెలో చుట్టి అల్మారాలో పెట్టేదాన్ని. ఇస్త్రీకి కూడా బయట ఇవ్వలేదు. ఇన్నేళ్ళయినా నిన్ననే మగ్గం మీంచి దిగినట్టు ఉండేది.

ఎండాకాలంలో మా ఆయన అక్క కోరుట్ల నుంచి వచ్చింది. సెల్లులో అల్మారా సర్దే వీడియోలు చూసి చూసి మా వదినెకు ఈ మధ్య పూనకం పట్టుకుంది. ఎవరింటికి పోయినా ముందు తలుపులు తెరిచి చూస్తుంది.

"గిదేందే పద్మా, అల్మారానా, అంగడా? నువ్వు డ్యూటీకి పో. గిదంత నేను సదురుత" అంది.

సాయంత్రం వచ్చేసరికి చీరలన్నీ చుట్టలు చుట్టి, డబ్బాల్లో వరుసగా నిలబెట్టి ఉన్నాయి. చూడటానికి బాగానే ఉంది, కాదనను. పెట్టుడు చీరలన్నీ ఒక సంచిలో కుక్కి తనతో పట్టుకెళ్ళింది. పీడ విరగడైందనుకున్నాను.

బతుకమ్మకు ముందు అమ్మ చీర కోసం చూస్తే... పంచె ఒక్కటే దొరికింది. గ్యాసు పొయ్యి తుడిచే గుడ్డల అడుగున!

వెంటనే వదినెకు ఫోన్ చేసి, పంచెలో ఉన్న పచ్చ చీర ఏదని అడిగాను.

"గదా... ఇబ్రహీంపట్నంల మా తోడికోడలు బిడ్డకు ఒడిబియ్యంల పెట్టిన. జాకెట్ గుడ్డ సుత నేనే కొని జతజేసిన" అంది, గొప్పగా.

"అది మా అమ్మ చీర వదినె!"

"నాకేమెర్క? మడత సుత ఇరగలే గదనే... కొత్తదనుకున్న."

అమ్మ చేతి మీద కొట్టి మరీ నేర్పిన మడత... ఇన్నేళ్ళు నేను కళ్ళలో పెట్టుకుని కాపాడిన మడత... అదే నా చీరను బయటికి పంపింది.

ఇబ్రహీంపట్నం అమ్మాయికి చేశాను. "గా పచ్చ చీరనా అక్కా? పాత రకం అంచని నేను కట్టలే. ఎవలో చుట్టాలస్తే పెట్టిన. ఎవలకో యాదికి లేదు" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ వదినెకు చేస్తే ఏమందో తెలుసా?

"ఒక్క చీరకు గింత లొల్లా? పట్టుచీర కొనిస్త తియ్యి!"

వదినె... నేనేం రాసినా మొదటి లైకు నీదే కదా. ఇదీ చదువు. నీ పట్టుచీర నాకొద్దు. మళ్ళీ నా అల్మారా మీద చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు. మా ఆయన నొచ్చుకున్నా సరే, నలుగురిలో చెబుతున్నాను.

ఇప్పుడు నా అల్మారా శుభ్రంగా ఉంది. తలుపు తీస్తే ఏదీ మీద పడదు. కానీ ఆ రేకు సందుగలో ఉన్న నాలుగు గుడ్డల్లో ఏది ఎవరిదో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసేది. ఈ రోజు ఇళ్ళ నిండా చీరలే... ఏది ఎవరిదో అడిగేవాళ్ళే లేరు.

మీ చిన్ననాటి ముచ్చట్లు కింద కామెంట్లలో తర్వాత రాద్దురు గాని... ముందు లేచి మీ అల్మారా తెరవండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడున్నా సరే. పెట్టుడు చీరల్లో ముదురు ఆకుపచ్చది కనిపిస్తే రెండు అంచులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఎరుపు ఇంకోదానికన్నా ముదురుగా ఉంటే, దయచేసి దాన్ని ఇంకెవరికీ పెట్టకండి.

మడత విరగలేదని కొత్తదనుకోకండి. అది మా అమ్మ కట్టిన చీర.