పింగ్ తగ్గిస్తానని నేను వెలగబెట్టిన ఘనకార్యం

నవ్వుకోవాలని ఉంటే తీరిగ్గా కూర్చోండి. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక అమ్మాయి ఆటను పట్టపగలు, హాలు నిండా జనం చూస్తుండగా మట్టిలో కలిపాను. అదీ సాయం చేస్తున్నాననుకుంటూ.

అప్పట్లో మా తాండూరులో ఫోన్‌లో తుపాకుల ఆట ఆడేవాళ్లందరిదీ ఒకటే ఏడుపు, పింగ్. అంటే మనం మీట నొక్కిన కబురు ఆట నడిపే కంప్యూటర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే సమయం. అది ఎక్కువైతే మనం కాల్చేలోపే అవతలివాడు మనల్ని కాల్చి, చాయ్ కూడా తాగేస్తాడు. ఆ కంప్యూటర్ ముంబయిలో ఉందని ఎక్కడో చదివాను. వెంటనే నా బుర్ర వెలిగింది. వికారాబాద్ నుంచి ముంబయి రైళ్లు తాండూరు మీదుగానే పోతాయి కదా, మరి డేటా మాత్రం ఊళ్లన్నీ తిరిగి పోవడమెందుకు? అందరి డేటా ముందు తాండూరులో నేను పెట్టే ఒక కంప్యూటర్ పెట్టెకు రావాలి, అక్కడి నుంచి నేరుగా ముంబయి పోవాలి. దీనికి ఫోన్లో వేసుకునే యాప్ ఒకటి చేసి, ప్రాక్సీ సర్వీస్ అని పేరు పెట్టి, నెల చందా కూడా మొదలుపెట్టాను. రైలు పట్టాలు చూసి ఇంటర్నెట్‌ను అర్థం చేసుకున్న మేధావిని భూమ్మీద నేనొక్కడినే అయ్యుంటాను.

పెట్టెను మా మేనమామ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పెట్టాను. అక్కడ మంచి ఫైబర్ లైను, జనరేటర్ ఉన్నాయి.

"మామా, దీన్ని గూడ నీ మిషన్ల లెక్కనే చూస్కో."

"ఫికర్ చేయకు అల్లుడా. ఇయ్యాల్టి సంది అది నా మిషనే."

చిత్రంగా కొందరికి పింగ్ తగ్గింది కూడా. ఎందుకు తగ్గిందో నన్నడక్కండి.

దసరా సెలవుల్లో వికారాబాద్‌లో పోటీ పెట్టారు. ఫైనల్ గెలిచినవాళ్లు హైదరాబాద్‌లో ఆడతారు. మా చెల్లెలి స్నేహితురాలు, బొంరాస్‌పేట సుజాత ఫైనల్‌కు వచ్చింది. వాళ్ల నాన్న మల్లయ్య గొర్రెల మందను తమ్ముడికి అప్పగించి తొలిసారి బిడ్డ ఆట చూడటానికి వచ్చాడు. "ఒక్కపారి చూస్త. మంచిగనిపిస్తే ఆడుకో, లేకుంటె బంద్" అన్నాడట.

సుజాతకు నా అవసరమే లేదు. "మంచిగనే నడుస్తున్నది గదన్నా" అంది.

"ఫైనల్ల మంచిగ సాలదు చెల్లె, మస్తుగుండాలె" అని బలవంతాన నా యాప్ వేయించాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆట చివరికొచ్చింది. పెద్ద తెర మీద సుజాత బొమ్మ దూసుకుపోతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. చుట్టూ చేరి కాలుస్తుంటే, అది బస్సు కోసం చూస్తున్నట్టు తాపీగా నిలబడింది.

"అన్నా! ఏమైందే?" అని అరిచింది సుజాత.

మామకు ఫోన్ కొట్టాను. "మామా, నా పెట్టె ఏమైంది?"

"ఇయ్యాల ఆయుధ పూజ గదరా! మిషన్లన్ని బంద్ చేసిన. నీదాన్ని గూడ బంద్ చేసి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండేసిన. మస్తు కళగున్నది."

"జల్ది ఆన్ చేయి మామా!"

"గట్లెట్ల చేస్త? ఇంక కొబ్బరికాయ కొట్టలె. పెట్టిన కాడికెల్లి అదొక్క పూటన్న కూసున్నదా? పండుగ పూట గూడ పని చెప్తవా?"

పండుగ నేను మర్చిపోలేదు. అది రాళ్లు కోసే మిషన్లకే అనుకున్నాను. మామ మాత్రం నాకిచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు.

సుజాత నా యాప్ తీసేసి మళ్లీ ఆటలోకి వెళ్లేసరికి అంతా ముగిసింది. ఆ పిల్ల ఫోన్ ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. హైదరాబాద్ పోయే అవకాశం నా గొప్పల వల్లే పోయింది, దాన్ని నేనెక్కడి నుంచి తెచ్చివ్వగలను?

కనీసం తప్పు ఒప్పుకుందామని మల్లయ్య దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"చూసినవా కొడుకా! అందరు బెదిరిన గొర్ల లెక్క ఉరుకవట్టిరి. గంతమంది కాలుస్తున్నా నా బిడ్డ ఒక్కతే కదలకుంట నిలబడ్డది! ఆడనియ్యి ఇగ. గీ ధైర్యం ఎవలికున్నది?"

వెనక నుంచి సుజాత నా వైపు చూసింది. నోరు మూసుకో అని ఆ చూపులోనే ఉంది. మూసుకున్నాను.

ఇదిగో, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బాగా నడుస్తున్న ఎవరి ఆటలోనూ సాయం పేరుతో ఈ జన్మలో వేలు పెట్టను. కాళ్లావేళ్లా పడినా సరే, పెట్టను.