దుబాయి నుంచి జవాబు వచ్చేలోగా

స్పిరిట్ సీసా మూత తీశాను. ఆ ఘాటు మార్కెట్ యార్డు నుంచి వచ్చే పసుపు దుమ్ముతో కలిసి ముక్కుకు తగిలింది. ఆర్మూర్‌లో పిల్లలకు సూదులు వేయించే రోజు ఈ రెండు వాసనలూ కలిశాయంటే నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. సుగుణమ్మ గుర్తొస్తుంది. ఎనభైల చివర్లో మా వాడకట్టుకు వచ్చిన నర్సు ఆమె. ఎర్రటి ఎండలో టీకా మందుల ఐస్ డబ్బా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. "కాలుగాలిన పిల్లి వచ్చింది" అని మా అత్త నవ్వేది. ఆమెకు వినపడినా పట్టించుకునేది కాదు, మా గడపలో నిలబడి మంచినీళ్లు తాగి, అత్తనే ముందు పలకరించేది.

అప్పట్లో మా వీధిలో సగం ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లోనే. ఆడవాళ్లం అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. నా బిడ్డ సుజాతకు తొమ్మిది నెలలు నిండగానే, తట్టు రాకుండా సూది వేయించమని సుగుణమ్మ వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "పిల్ల తండ్రి దుబాయిల ఉన్నడు. సూదికి జరమొచ్చి ఏమన్నైతే నా కొడుక్కు నేనేం జవాబు చెప్పాలె? వాణ్ని అడగకుండ ఎట్ల ఏపిస్తం?" సర్కారు వరమిచ్చినా అత్త వరమివ్వాలి కదా! నాకు వేయించాలనే ఉంది. కానీ తల వంచుకుని బీడీకి దారం చుడుతూనే ఉన్నాను.

సుగుణమ్మ తిట్టలేదు, భయపెట్టలేదు. ఆ రోజు ఆమెకు అదే జవాబు చెప్పిన ఆరో ఇల్లు మాదట. "గట్లనా? అయితే ఆయననే అడుగుదాం. టేప్‌రికార్డర్ తియ్యి" అంది. ఉత్తరాలు రాయడం రాని మేం క్యాసెట్లలో మాట్లాడి, సెలవు ముగిసి తిరిగి వెళ్లేవాళ్ల చేత పంపేవాళ్లం. ఆమె మా అరుగు మీదే కూర్చుని మాట్లాడింది. "అన్నా, నేను నర్సును మాట్లాడుతున్న. నీ బిడ్డ మస్తుగున్నది. సూది ఏపియ్యమని మీ అమ్మకు జర చెప్పు." వీధంతా చేరి నవ్వింది. అలా ఆరిళ్ల క్యాసెట్లలోనూ ఆమె గొంతు ఎక్కింది. మూడిళ్లకు జవాబులు వచ్చాయి, ఆ పిల్లలకు సూదులు పడ్డాయి. ఇంత తెలివైన ఉపాయం ఇంకెవరికి తడుతుందని నేనూ మురిసిపోయాను.

మా క్యాసెట్ తీసుకెళ్లాల్సిన మనిషి ప్రయాణం మాత్రం వాయిదా పడింది. నెల దాటింది. ఈలోగా వీధిలో తట్టు లేచింది. సుజాత ఒళ్లంతా పేలింది, నిప్పులాంటి జ్వరం. సుగుణమ్మే మమ్మల్ని బస్సెక్కించి నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్లింది. దారి పొడుగునా పిల్ల ఆమె ఒళ్లోనే. బిడ్డ బతికింది. కానీ కుడి చెవి నుంచి చాలా రోజులు చీము కారింది, ఆ చెవికి ఇక వినపడలేదు. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే సుజాత ఎడమ చెవిని అటు తిప్పుతుంది.

జవాబు క్యాసెట్ ఆ తర్వాత వచ్చింది. వినడానికి సుగుణమ్మ కూడా కూర్చుంది. మా ఆయన గొంతు విసుగ్గా ఉంది. "గింత దానికి నన్ను అడుగుడేందే గంగామణీ? నర్సమ్మ చెప్తే ఏపియ్యక పోయినవా?" అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆయన మీద కోపమొచ్చింది, అత్త మీద వచ్చింది, అందరికంటే నా మీద నాకే వచ్చింది.

సుగుణమ్మ టేపు ఆపేసింది. "తప్పు నాది గంగామణీ" అంది. "మీ అత్తను అడిగిన. సముద్రం అవతలున్న మనిషిని అడిగిన. పిల్లనెత్తుకొని ఎదురుంగ కూసున్న నిన్ను ఒక్కపారి గూడ అడగకపోతి."

అడిగి ఉంటే మాత్రం అత్త ముందు నేనేమనేదాన్నో! ఆ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు, అదే నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ఆ తర్వాత ఆమె ఇళ్లతో పాటు బీడీ కార్ఖానాకూ రావడం మొదలుపెట్టింది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి మేం వరుసలో నిలబడే చోటికి అత్తలు రారు. అక్కడ ఒక్కొక్క తల్లినీ పేరు పెట్టి పిలిచి అడిగేది. "నువ్వు గూడ చెప్పు, నీ మాటైతే ఇంటరు" అని నన్ను పక్కన నిలబెట్టుకుంది. తొంభైల్లో ఆమెకు బదిలీ అయి వెళ్లిపోయేనాటికి, నేను ఇళ్లు తిరగడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆశా కార్యకర్తగా ఆ పని నేనే చేస్తున్నాను. ఫోన్లు వచ్చాయి. ఖతార్‌లోని మొగుణ్ని క్షణంలో అడగొచ్చు. సూది మాట ఎత్తగానే ఏదో ఒక అత్త నంబరు నొక్కుతుంది. "జర ఆగమ్మా" అంటాను. చంటిపిల్లనెత్తుకున్న కోడలి ముందు నిలబడి, "నీకేమనిపిస్తంది బిడ్డా? నువ్వు చెప్పు" అని అడుగుతాను. ఆ కోడలు అత్త వంక చూస్తుంది, నేల చూస్తుంది. ఇంకా పది ఇళ్లు మిగిలి ఉంటాయి. అయినా ఆమె నోటి నుంచి అవుననో కాదనో ఒక్క మాట వచ్చేదాకా నేను ఆ గడప దిగను.