ఎడమచేతి కత్తెర

ముప్పై ఏళ్లు వీధి మొత్తానికీ బట్టలు కుట్టిన టైలరమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికైతే వచ్చింది గానీ, మిషను వంక చూడడమే మానేసింది. ఎవరేమన్నా ఒకటే మాట: "ఇక నా వల్ల కాదు."

ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే శ్రమల దినాలు వచ్చాయి. మందులు వేసుకునే మనిషి కాబట్టి ఉపవాసం వద్దన్నారు పాస్టరుగారు.

"అన్నం మానొద్దన్నారు కదా! ఈ నలభై రోజులూ 'నా వల్ల కాదు' అనడం మానేస్తానే," అంది కోడలితో.

"అన్నం మానడమే సులువు అత్తయ్యా!" అని నవ్వింది కోడలు.

మర్నాడే పాత పేపరు మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టి, ఎడమచేత్తో కత్తెర పట్టింది. కుడిచేతికి మరిగిన కత్తెర ఎడమచేతికి అంత తేలిగ్గా లొంగుతుందా? పేపర్లన్నీ ఎలుకలు కొరికినట్టు తయారయ్యాయి. రెండోవారం విసుగొచ్చి కత్తెరను మంచం కిందికి విసిరేసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెదవులు బిగబట్టి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, రేపు మళ్లీ కూర్చునే ఓపికివ్వు, చాలు."

తర్వాత తనే వంగి కత్తెర తీసుకుంది.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి పేపరు తిన్నగా తెగింది. ఆ వారంలోనే మనవరాలి గౌనుకు గుడ్డ కత్తిరించింది. కోడలు మిషను తొక్కింది. అంచు ఒకపక్క కాస్త దిగినా, ఈస్టరు ఆరాధనకు పిల్ల దాన్నే వేసుకుని గంతులేసింది.

మర్నాడు పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. "అక్కా, దీనికీ అలాంటిదే కావాలట!"

టైలరమ్మ టేపు కొసను ఆ పిల్ల చేతికే ఇచ్చి, "భుజం దగ్గర గట్టిగా పట్టుకోవే తల్లీ," అంది.