పడవలో పోసిన నీళ్లు

ఎనభైల్లో మాట. నాగార్జునసాగర్‌లో ఒకాయన తన పందెపు తెరచాప పడవను అమ్ముతున్నాడని తెలిసి, మాచర్లలో బస్సెక్కాను. నేను పడవ కొనబోవడం అదే మొదలు. కృష్ణలోనే కాదు, సముద్రంలోనూ నడపాలని ఆశ. నా చేతిలోని పడవ ఫొటో చూసి, ఒళ్లో రాగి బిందె పెట్టుకుని పక్కన కూర్చున్న ముసలి సాయిబు గారు పలకరించారు.

"కొత్తదా అబ్బాయ్?"

"పాతదే బాబాయ్. రంగు మాత్రం కొత్తగా వేశారు."

"రంగు చూసి మురిసిపోమాక. నేను చిల్లులుపడ్డ బిందెలకి మాట్లేసేవాణ్ణి. పడవని నీళ్లల్లో దించేముందు, పడవలోనే నీళ్లు పోసి అడుగున చూడు. సముద్రంలో నీకు మాటేసేవాడు దొరకడు."

సాగర్‌లో బల్లల మీద నిలబెట్టిన ఆ పడవలో నాలుగు బకెట్లు పోశాను. నిగనిగలాడే ఎర్ర రంగులోంచి సన్నటి ధార కారింది. అమ్మేవాడు నా మొహం చూడలేదు.

దాన్ని వదిలేసి, తర్వాత కొన్న ఇంకో పడవలో సముద్రం దాకా వెళ్లాను. ఇప్పటికీ ఏటా దాన్ని దించేముందు లోపల నీళ్లు పోస్తుంటే స్నేహితులు నవ్వుతారు, ఇదెవరు నేర్పారని అడుగుతారు.

"మా బాబాయి" అంటాను. ఆ రోజు ఆయన పేరైనా అడగలేదు.