తెల్ల కాగితానికి తెల్ల పొడి

చదువు రానివాడి వల్ల లోకానికి పెద్ద నష్టమేమీ లేదు. తనకు రాదని వాడికి తెలుసు కాబట్టి నలుగురినీ అడుగుతాడు. భయపడవలసింది కొత్తగా చదువు వచ్చినవాణ్ణి చూసి. అలాంటి కొత్త చదువుతో నేను ఒక్క పూటలో ఎంత నాశనం చేశానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల నాటి సంగతి. గుంటూరు బ్రాడీపేటలో, మేడ మీద, ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో నేను అటెండరుని. అంతకుముందు పదహారేళ్లు వాళ్ల గోడౌన్లోనే తాలుకాయలు ఏరాను, తొడిమలు తీశాను, దగ్గాను. ఎక్కువ భాగం దగ్గడమే. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా సంతకం అంటే నాకు బొటనవేలే. నాకు అక్షరాలు నేర్పిన తల్లి మా టైపిస్టు సుగుణమ్మ గారు. ఆవిడది చీరాల దగ్గర పల్లె. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేవారు, మిగతా రోజుల్లో భోజనం డబ్బా మూసి నాకు చెప్పేవారు. 'మ'కీ 'య'కీ తేడా చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది గానీ ఒక్కనాడూ విసుక్కోలేదు. చిన్నపిల్లలైతే త్వరగా నేర్చుకుంటారు, వాళ్ల బుర్రలో కారం ఘాటు ఉండదు కదా.

అప్పుడే మా ఆఫీసుకి రంగు జిరాక్స్ మిషను వచ్చింది. రంగు అనగానే ఇప్పటి మిషన్లు ఊహించుకోకండి. నల్ల డబ్బా తీసి ఎర్ర డబ్బా పెడితే ఎర్రగా కొడుతుంది, అంతే. మిర్చి ఆఫీసుకి అంతకన్నా ఏ రంగు కావాలి? సరుకు శాంపిల్ పొట్లాల మీద అంటించే చీటీలకి ఎర్ర మిరపకాయ బొమ్మ వేయడానికి తెప్పించారు.

దాని దగ్గర పదో తరగతి చదివిన మనిషిని పెట్టాలని మేనేజరు రాఘవయ్య గారి ఆలోచన. సుగుణమ్మ గారు అడ్డం పడ్డారు.

"కోటయ్య ఉన్నాడు కదండీ. చదవగలడు. పూచీ నాది."

"మీ మాట మీద పెడుతున్నానమ్మా. ఏరా కోటయ్యా, ఒక్క తేడా వచ్చిందంటే మళ్లీ గోడౌనే. దగ్గుకుంటూ కూర్చుంటావు."

"రాదండీ, తేడా ఎందుకొస్తుందండీ" అన్నాను. ఫ్యాను కింద కుర్చీ! ఆ కుర్చీలో కూర్చున్న రోజు మా ఆవిడ వీధంతా పాయసం పంచింది.

ఇక ఆ మహత్తరమైన రోజు. మూడు రోజులుగా ముసురు. విజయవాడ నుంచి మెకానిక్ సుభానీ వచ్చి, మిషను విప్పి, రోలర్లు తుడిచి, డబ్బాలు నింపాడు. "ఇది ఎర్ర పొడి, ఇది నల్ల పొడి, కలిపావో కొంపే" అని నాకు చూపించాడు. సుగుణమ్మ గారు అడిగితే, కాగితం ఇరుక్కున్నప్పుడు ఏం చెయ్యాలో చక్కటి తెలుగులో ఒక అట్ట మీద రాసి మిషనుకి అంటించాడు. నా ఒక్కడి కోసం రాసిన మొదటి రాత అది! అత్తరు సీసా వాసన చూసినట్టు దాని దగ్గర మూడుసార్లు నిలబడ్డాను. సుభానీ పక్కసందులో మెస్సుకి భోజనానికి వెళ్లాడు.

మద్రాసు వెళ్లే శాంపిళ్లకి చీటీలు కావాలన్నారు. మూడింటికి వ్యాను. కిటికీ పక్కనున్న కాగితాల కట్ట తీసి మిషన్లో పెట్టాను. పది చీటీలు ముత్యాల్లా వచ్చాయి. పదకొండోది కరకరమని నమిలి లోపలే ఉంచుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

కంగారు పడ్డానా? లేదు. నాకు చదువొచ్చు. వేలు పెట్టి చదివాను. ఒకటి, మిషను ఆపవలెను. ఆపాను. రెండు, తలుపు తెరిచి ఇరుక్కున్న కాగితం మెల్లగా లాగవలెను. లాగాను. మూడు, పొడి కాగితం పెట్టవలెను.

పొడి. కాగితం. పెట్టవలెను.

ఏ పొడి? ఇక్కడే నా బుర్ర పనిచేసింది. ఎర్ర డబ్బాకి ఎర్ర పొడి, నల్ల డబ్బాకి నల్ల పొడి. మరి తెల్ల కాగితానికి? మీరే చెప్పండి, ఈ లెక్కలో తప్పెక్కడుంది?

పక్క టేబులు దగ్గరే సుగుణమ్మ గారు. అడిగితే సరిపోయేది. కానీ పూచీ పడ్డ మనిషి దగ్గరికెళ్లి నాకు అర్థం కాలేదని ఎలా అంటాను? అందుకని అడగవలసింది అడక్కుండా ఇంకోటి అడిగాను.

"అమ్మా, మీ పౌడరు డబ్బా ఒకసారి ఇస్తారా?"

ఆవిడ టైపు ఆపి నన్ను ఎగాదిగా చూశారు. "ఏం కోటయ్యా, ఫొటో దిగుతున్నావా?"

"చిన్న పనుందమ్మా."

"కొంచెమే రాసుకో. నీ ఛాయకి ఎక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది."

కాగితాలన్నిటినీ బల్ల మీద పరిచి, నీళ్లు పోసిన పసిబిడ్డకి అద్దినట్టు రెండు వైపులా అద్దాను. మిషను మొదట ఎంత సంబరపడిందో! ఒకటి పెడితే నాలుగు లాక్కుంది. తర్వాత రోలర్లు గిరగిరా తిరుగుతున్నాయి గాని కాగితం కదలదు. ఆ తర్వాత లోపల ఏదో మూలిగింది. బయటికొచ్చిన ఒక్క చీటీ మీద మిరపకాయ, బొల్లి వచ్చిన వంకాయలా ఉంది. పొడి చాలలేదేమోనని, పౌడరు డబ్బాలో మిగిలింది కూడా మిషన్లో పోశాను. అప్పుడు దీపాలన్నీ ఒక్కసారే వెలిగి, అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

మెస్సుకి పరిగెత్తాను. సుభానీ సాంబారులో ఉన్నాడు.

"సుభానీ! మిషను పోయింది!"

"పోవడమేంటన్నా? ఇప్పుడే కదా చేశాను!"

"అట్ట మీద రాసినట్టే చేశా. చేసేకొద్దీ పాడైంది."

పాపం, పెరుగన్నం కలపకుండానే లేచి వచ్చాడు. మేము వచ్చేసరికి రాఘవయ్య గారు మిషను ముందు ముక్కు ఎగబీలుస్తున్నారు.

"ఏమిటయ్యా ఇది? మిషన్లోంచి మల్లెపూల వాసనొస్తోంది!"

సుభానీ తలుపు తెరిచాడు. తెల్లటి మేఘం లేచింది. పదహారేళ్లు మిరపకాయల మధ్య బతికిన నేనే తుమ్మానంటే చూసుకోండి.

"ఇదా నీ సర్వీసింగు?" అని రాఘవయ్య గారు సుభానీ మీద పడ్డారు. "ఏం పోశావు ఇందులో? వ్యాను మూడింటికి! ఇంకోసారి మా మెట్లెక్కావంటే ఊరుకోను!"

సుభానీ నోరు తెరిచి నిలబడ్డాడు. నేను నోరు మూసుకుంటే తప్పంతా అతని నెత్తిన పడేది. నా కుర్చీ నాకుండేది. దాచడమెందుకు, ఒక్క నిమిషం మూసుకున్నాను కూడా. కానీ నా మాట విని చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చిన మనిషి.

"అతను కాదండీ. నేనే పౌడరేశానండీ. అట్ట మీద ఉందండీ."

"ఎక్కడుందిరా? చదివి ఏడువు!"

చదివాను. "పొ...డి. కా...గి...తం. పెట్ట...వ...లెను."

సుభానీ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. రాఘవయ్య గారు సుగుణమ్మ గారి వైపు తిరిగారు. "చూశారామ్మా మీ పూచీ! చదువు రానివాణ్ణి తెచ్చి కూర్చోబెడితే ఇంతే. పోరా గోడౌనుకి!"

సుగుణమ్మ గారు లేచారు. ఖాళీ అయిన తన పౌడరు డబ్బా చూశారు, నన్ను చూశారు. "చదువు రాకపోవడమేమిటండీ? ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాడు. కావాలంటే మీరే చూడండి."

రాఘవయ్య గారు కళ్లజోడు తగిలించుకుని అట్ట మీదికి వంగారు. ఆయన డబుల్ ఎమ్మే. పైకీ కిందికీ రెండుసార్లు చదివి, సుభానీ వైపు తిరిగి గద్దించారు.

"ఇంతకీ ఏ పొడి పెట్టమన్నావయ్యా?"

ముందు సుగుణమ్మ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత సుభానీ పక్కున నవ్వాడు. రాఘవయ్య గారికి తను అన్నదేమిటో అప్పుడు అర్థమై, మీసాల కింద నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పొడి అంటే తడి లేనిదండీ" అన్నాడు సుభానీ. "ముసురుకి కాగితం చెమ్మెక్కింది. ఆరిన కట్ట పెట్టమని రాశాను."

గోడౌను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పౌడరు తానే పోసినట్టు రాఘవయ్య గారు స్వయంగా గుడ్డ పట్టుకుని తుడిచారు. బీరువాలోంచి పొడి కాగితాలు, అంటే ఆరిన కాగితాలు, తీయించారు. వ్యాను అరగంట ఆగింది. సుభానీకి మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ మొత్తం పెట్టేశాను. ఆ కుర్చీలో రిటైరయ్యేదాకా కూర్చున్నాను. ఆ రోజు సుగుణమ్మ గారు లేవకపోతే, ఇది రాసే చెయ్యి ఇవాళ్టికీ తొడిమలు తీస్తూ ఉండేది.

ఆ సాయంత్రమే మిషను మీద చెయ్యి వేసి, తుమ్ముతూ, ప్రమాణం చేశాను. ఇకమీదట ఏది చదివినా, అర్థం కాకపోతే ఒకరిని అడుగుతాను. బాగా అర్థమైందనిపిస్తే ఇద్దరిని అడుగుతాను.